ఇంటి ఆరోగ్యం: తల తిరిగిందా, కాలు తూలిందా?

లోగడ మోకాళ్ల నొప్పులను గురించి ఈ శీర్షికలో వ్రాసిన తరువాత బరంపురం నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. "మా అమ్మగారికి డెబ్బై నాలుగో ఏడు. రెండేళ్లుగా తల తిప్పు. పిత్తమని కొందరు, నీరసమని కొందరు, మెడ ఎముక అరిగిందని కొందరు అన్నారు. మాత్రలు మింగుతూనే ఉన్నది. ఇప్పుడు గడప దాటటానికే భయపడుతున్నది. బలానికి ఏదైనా మందు వ్రాయగలరా?" ఇదీ ఆ ఉత్తరం సారాంశం.

సోదరీ, మందు వ్రాయటం నా పని కాదు. నేను ఫిజియోథెరపీ చేసేదాన్ని. అంటే నొప్పినీ, నడకనూ, కదలికనూ చూసుకొనేదాన్ని. అయినా మీ ఉత్తరంలో "తల తిప్పు" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ మాటను సరిగా విననందువల్ల మా ఇంట్లో ఏం జరిగిందో ముందు చెబుతాను. తరువాత మీ అమ్మగారి సంగతికి వస్తాను.

మా అత్తగారి సంగతి

మేము కోయంబత్తూరులో నాలుగు తరాలుగా స్థిరపడినవాళ్లం. మా అత్తగారు చిత్తూరు జిల్లా నుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చారు. అరవం ఆవిడకు బజారులో బేరమాడేటంత వచ్చును. ఒంట్లో బాధ విడమరచి చెప్పుకొనేటంత రాదు. ఒకనాడు ఉదయం లేస్తూనే తల తిరిగిందన్నారు. మా అబ్బాయి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లి, "అవ్వకు మయక్కం" అని ఒక్క ముక్కలో అరవంలో చెప్పి ఊరుకున్నాడు. అరవంలో ఆ మాట స్పృహ తప్పటానికీ వాడుతారు, తల తిరగటానికీ వాడుతారు. డాక్టరు ఆ మాటను పట్టుకొని చేయవలసినవన్నీ చేశారు. రక్తపుపోటు చూశారు, చక్కెర చూశారు, గుండె పరీక్ష చేయించారు. అన్నీ బాగానే ఉన్నవి. చివరకు మెడ ఎక్స్‌రే తీస్తే ఎముక అరిగినట్లు కనబడింది. డెబ్బై ఏళ్ల మనిషి మెడ ఎవరిది తీసినా అరుగుదల కనబడుతుంది. కాని మాకందరకూ ఒక కారణం దొరికిందన్న తృప్తి కలిగింది. మెడకు పట్టా ఇచ్చారు. దాన్ని ప్రతి ఉదయమూ నా చేతులతో నేనే కట్టేదాన్ని. ఆసుపత్రిలో నేను చూసేవి నడుమునొప్పులు, మోకాళ్ల నొప్పులు. తల తిరగటం నా పని అని నాకు తోచలేదు.

అట్లా ఎనిమిది నెలలు గడిచినవి. ఆవిడ క్రమంగా వాకిట ముగ్గు వేయటం మానేశారు, వంగితే తిరుగుతుందని. గుడికి పోవటం మానేశారు. ఒకనాడు వంటింట్లో పై అరలో ఉన్న డబ్బా కోసం తల పైకెత్తి, అట్లాగే వెనక్కు పడ్డారు. కుడి మణికట్టు విరిగింది.

ఆ రాత్రి నేను ఆవిడ పక్కనే పడుకున్నాను. నడిరాత్రి ఎడమవైపు ఒత్తిగిలబోయి మళ్లీ వెల్లకిలా తిరిగారు. ఏమని అడిగితే, "ఈ పక్కకు తిరిగితే ఇల్లు గానుగ మాదిరి తిరుగుతుంది గదే. ఇరవై లెక్కపెడితే నిలబడుతుంది. మొదటిరోజునే చెప్పాను గదా నీకు?" అన్నారు.

చెప్పారు. నేనే వినలేదు. ఏ పక్కకు తిరిగితే వస్తుందో, ఎంతసేపు ఉంటుందో, ఆ రెండు ముక్కల్లోనే రోగం పేరంతా ఉన్నది. మర్నాడు ఈ విద్యలో ఆరితేరిన ఒక పెద్దావిడను ఇంటికి పిలిచాను. ఆవిడ చేసిన పరీక్షా, చికిత్సా ఇంకాసేపట్లో వ్రాస్తాను. రెండుసార్లతో తల తిరగటం పోయింది. చేతికట్టు మాత్రం ఆరు వారాలు ఉన్నది. పడతానేమోనన్న భయం అంతకన్న ఎక్కువ కాలం ఉన్నది.

శరీరం ఎట్లా నిలబడుతుంది

మనిషి రెండు కాళ్లమీద తూలకుండా నిలబడటానికి మూడు చోట్లనుంచి మెదడుకు కబురు అందవలె. మొదటిది కన్ను. గోడ నిలువుగా ఉన్నదా, నేల ఎక్కడ ఉన్నదా అని చెప్పేది అది. రెండవది పాదాలు, కీళ్లు, కండరాలు. నేల గట్టిదా మెత్తదా, ఒరిగి ఉన్నదా, బరువు మడమ మీద పడిందా వేళ్ల మీద పడిందా అన్నది అవి చెబుతవి. మూడవది లోపలి చెవి. తల ఎటు కదిలిందో చెప్పేది అది. ఈ మూడు కబుర్లనూ మెదడు, అందులోనూ ముఖ్యంగా చిన్నమెదడు, పోల్చి చూసుకొని కండరాలకు ఆజ్ఞలిస్తుంది. మూడింటిలో ఒకటి బలహీనపడితే తక్కిన రెండూ ఆదుకొంటవి. రెండు బలహీనపడితే మనిషి తూలుతాడు. మూడూ ఒకదానితో ఒకటి పొసగనప్పుడు తల తిరుగుతుంది.

లోపలి చెవిలో ప్రతివైపునా మూడు అర్ధవర్తుల కుల్యలు ఉన్నవి. అవి సన్నని గొట్టాలు. వాటిలో ద్రవం ఉంటుంది. చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడినవారికి వీటి సంగతి అనుభవమే. గిరగిర తిరిగి ఆగినా లోకం తిరుగుతూనే ఉంటుంది. బిందెలో నీళ్లు పోసి బిందెను తిప్పి ఆపితే లోపలి నీళ్లు కొంతసేపు తిరుగుతూనే ఉంటవి గదా, ఇదీ అంతే. మనం ఆగినా కుల్యలోని ద్రవం ఆగలేదు; ఇంకా తిరుగుతున్నామని అది మెదడుకు చెబుతున్నది.

ఈ కుల్యల మొదట రెండు చిన్న సంచులున్నవి. వాటిలో జిగురు పొర మీద కాల్షియం కార్బనేటు రేణువులు, అంటే సున్నపురాతి జాతి పలుకులు, అంటుకొని ఉంటవి. ఒక్కొక్కటి వెంట్రుక మందం కన్నా చిన్నది. భూమి ఎటు ఉన్నదో, తల ఎటు ఒరిగిందో వీటి బరువు వల్ల తెలుస్తుంది. వయసు మీరినప్పుడో, తలకు దెబ్బ తగిలినప్పుడో, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానో కొన్ని రేణువులు ఊడి, తమకు చోటు కాని కుల్యలోకి జారుతవి. అప్పుడు పక్కమీద ఒత్తిగిలినా, తల పైకెత్తినా, వంగినా అవి దొర్లి ద్రవాన్ని కదుపుతవి. మనిషి కదలకపోయినా లోకం తిరిగినట్లవుతుంది. రేణువులు దొర్లటం ఆగగానే, ఒక నిమిషంలోపల, తిరగటమూ ఆగుతుంది. మా అత్తగారికి వచ్చినది ఇదే. తల తిరిగే జబ్బులలో అందరికన్న ఎక్కువమందికి వచ్చేదీ ఇదే. అందరికన్న సులువుగా నయమయ్యేదీ ఇదే.

ఈ విద్య ఎట్లా పెరిగింది

వియన్నా నగరంలో రాబర్ట్ బారనీ అనే చెవి వైద్యుడు ఉండేవాడు. చెవి కడిగేటప్పుడు నీళ్లు చల్లగా ఉంటే రోగికి తల తిరిగి, కనుగుడ్లు ఒక వైపుకు కొట్టుకొనేవి. నీళ్లు మరీ వేడిగా ఉంటే కనుగుడ్లు దానికి ఎదురు వైపుకు కొట్టుకొనేవి. అందరూ చూసి వదిలేసిన ఈ చిన్న సంగతిని పట్టుకొని, లోపలి చెవి పని చేస్తున్నదీ లేనిదీ కనిపెట్టే పరీక్షను ఆయన ఏర్పరచాడు. దానికి 1914 సంవత్సరపు నోబెల్ బహుమానం లభించింది. ఆ కబురు అందేనాటికి ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో రష్యావారి చేతికి చిక్కి ఖైదీగా ఉన్నాడు. తల ఒక పక్కకు పెట్టినప్పుడు మాత్రమే తిరిగే జబ్బును 1921లో వర్ణించినవాడు గూడా ఆయనే. దానికి కచ్చితమైన పరీక్షను 1952లో ఇంగ్లండులో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ అనేవారు ప్రకటించారు. రేణువులను వెనక్కు పంపే ఉపాయాన్ని అమెరికాలో జాన్ ఎప్లీ అనే వైద్యుడు 1992లో ప్రకటించాడు. మందూ లేదు, కత్తీ లేదు. తలను ఒక క్రమంలో తిప్పటమే ఆ ఉపాయం.

ముందు వినవలె

ఫిజియోథెరపీలో చేయి వేయకముందు చేసే పరీక్ష వినటం. మన తెలుగులో ఈ బాధకు మాటలు చాలా ఉన్నవి. "తల తిరుగుతున్నది" అంటే సామాన్యంగా లోకం తిరిగినట్లుండటం. "కళ్లు బైర్లు కమ్మినవి" అంటే చూపు చీకటిపడి పడిపోబోవటం. "తూలు వస్తున్నది" అంటే తల బాగానే ఉండి కాళ్లు నిలవకపోవటం. "దిమ్ముగా ఉన్నది" అంటే ఇవేవీ కాని బరువు. పరభాషలో డాక్టరుకు చెప్పేటప్పుడు ఈ తేడాలు మాయమైపోతవి. కన్నడంలో "తలెసుత్తు" అంటే తిరగటమే. ఒడియాలో "ముండ బులాఇబా" అన్నా అంతే. మరాఠీలో "చక్కర్" తిరగటానికీ చెల్లుతుంది, సొమ్మసిల్లటానికీ చెల్లుతుంది. షోలాపురంలో ఉన్న మన అవ్వను మనమడు డాక్టరు దగ్గరకు తీసుకుపోతే ఏ అర్థంలో అంటున్నాడో విడమరచి చెప్పవలె.

అయితే మాట ఒక్కదాన్నే నమ్ముకోరాదు. ఒకే మనిషి ఉదయం ఒక మాటా, సాయంత్రం ఇంకొక మాటా వాడవచ్చు. అంతకన్న గట్టి ప్రశ్నలు రెండున్నవి. ఎంతసేపు ఉంటుంది? ఏం చేస్తే వస్తుంది?

పక్కమీద తిరిగినప్పుడో, తల పైకెత్తినప్పుడో వచ్చి నిమిషంలోపల పోతే, ఊడిన రేణువులను అనుమానించవలె. పడుకొన్నవారు, కూర్చున్నవారు లేచి నిలబడినప్పుడు మాత్రమే కళ్లు చీకట్లు కమ్మితే, అది రక్తపుపోటు పడిపోవటం కావచ్చు. ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటల వరకు తిరిగి, దానితోపాటు ఒక చెవిలో హోరు, వినికిడి తగ్గటం ఉంటే, 1861లో ఫ్రాన్సులో మెనియేర్ వర్ణించిన జబ్బు కావచ్చు. తలనొప్పి తత్త్వం ఉన్నవారికి, వెలుతురు గిట్టకపోవటంతో కలిసి వస్తే, పార్శ్వపు నొప్పి ఇట్లా వేషం మార్చుకొని రావచ్చు. రోజుల తరబడి ఆగకుండా తిరిగి వాంతులైతే చెవి నరం వాపు కావచ్చు. కాని అది మెదడుకు వచ్చిన పక్షవాతం కూడా కావచ్చు. నడిచేటప్పుడు మాత్రమే తూలి, కూర్చుంటే ఏమీ లేకపోతే, పాదాలను చూడవలె.

ఒక హెచ్చరిక ఇక్కడే చేస్తున్నాను. తల తిరగటంతోపాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనబడినా, మూతి వంకర పోయినా, చేయో కాలో చచ్చుపడినా, మునుపెన్నడూ లేని తలనొప్పి వచ్చినా, పట్టుకొన్నా నిలబడలేకపోయినా, ఈ పత్రిక అవతల పెట్టి ఆసుపత్రికి పరుగెత్తండి. సొంఠి కషాయం కాచే సమయం కాదది.

పరీక్షలు

మా అత్తగారికి ఆ పెద్దావిడ చేసినది డిక్స్, హాల్‌పైక్‌ల పరీక్షే. మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి, తలను ఎడమవైపుకు సగం, అంటే 45 డిగ్రీలు తిప్పి, తలను రెండు చేతులా పట్టుకొని చప్పున వెనక్కు పడుకోబెట్టారు. తల మంచపు అంచు దాటి కొంచెం కిందికి వాలింది. "కళ్లు మూయకండి, నా ముక్కు చూడండి" అన్నారు. రెండు మూడు క్షణాలు ఏమీ లేదు. తరువాత కనుగుడ్లు మెలితిరుగుతూ పైకి కొట్టుకోవటం మొదలుపెట్టినవి. అత్తగారు నా చేయి గట్టిగా పట్టుకొన్నారు. అర నిమిషంలో ఆగింది. కుడివైపు చేస్తే ఏమీ లేదు. మెడ ఎక్స్‌రే చెప్పలేని సంగతి కన్ను చెప్పింది.

పాదాల కబురు చూడటానికి ఇంకొక పరీక్ష. జర్మనీలో రోంబర్గ్ అనే వైద్యుని పేరు మీద పందొమ్మిదో శతాబ్దం నుంచి ఉన్నది. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూసుకోవలె. కళ్లు తెరిచి ఉన్నప్పుడు బాగా నిలబడి, మూయగానే పడబోతే, పాదాల స్పర్శ తగ్గిందని ఊహించవచ్చు. చక్కెర జబ్బు పాతబడినవారిలో ఇది తరుచు. స్నానాల గదిలో ముఖానికి సబ్బు రాసుకొని కళ్లు మూసుకొన్నప్పుడు తూలే పెద్దలు ఈ పరీక్షను తెలియకుండానే రోజూ చేసుకొంటున్నారన్న మాట.

పోటు పడిపోతున్నదేమో చూడాలంటే, పడుకోబెట్టి ఒకసారీ, నిలబెట్టిన తరువాత మూడు నిమిషాలలోపల మళ్లీ ఒకసారీ రక్తపుపోటు కొలవవలె. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే, వేసుకొనే మాత్రలను గురించి డాక్టరుతో మాట్లాడవలె. కూర్చోబెట్టి ఒక్కసారి కొలిస్తే ఇది బయటపడదు.

ఇక నడక. చేతుల కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు, అంటే పది అడుగులు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవలె. మామూలు నడకతో దీనికి 12 సెకండ్లు గాని, అంతకు మించి గాని పట్టితే పడే ప్రమాదం ఉన్నదని లెక్క. ఒక పాదం మడమ రెండవ పాదం వేళ్లకు ఆనేటట్లు ముందూ వెనుకగా పెట్టి పది సెకండ్లు నిలబడలేకపోయినా అంతే. ఈ రెండూ ఇంట్లో చూసుకోవచ్చును. కాని పక్కన ఒక మనిషి పట్టుకొనటానికి సిద్ధంగా ఉండవలె.

బాగుపడే మార్గం

రేణువుల జబ్బుకు ఎప్లీ పద్ధతి. తల వాలి ఉన్న స్థితిలో కొంతసేపు ఉంచి, తలను రెండవ వైపుకు తిప్పి, ఆ వైపుకే శరీరాన్నంతా ఒత్తిగిలజేసి ముఖం నేలవైపు ఉంచి, చివరకు కూర్చోబెడతారు. ఒక్కొక్క స్థితిలో అర నిమిషం నుంచి నిమిషం. మొత్తం పది నిమిషాల పని. చాలామందికి ఒకటి రెండు మార్లతో నయమవుతుంది. కొందరికి కొంతకాలానికి మళ్లీ వస్తుంది. మళ్లీ చేస్తే మళ్లీ పోతుంది. బొమ్మ చూసి మీ అంతట మీరు చేయకండి. ఏ చెవో, ఏ కుల్యో తెలియవలె. మెడ జబ్బులున్నవారికి పద్ధతి మార్చవలె. ఒకసారి తెలిసినవారి దగ్గర చేయించుకొని, నేర్పమని అడగండి.

చెవి నరం దెబ్బతిన్నవారికి మార్గం వేరు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులో కాథార్న్, కుక్సీ అనే వైద్యులు, తలకు దెబ్బలు తగిలిన రోగులలో మంచం పట్టి కదలకుండా ఉన్నవారికన్న, తల తిరుగుతున్నా లేచి కదిలినవారు త్వరగా కోలుకొంటారని గ్రహించారు. కళ్లు తిప్పటం, తల తిప్పటం, వంగి వస్తువు తీయటం, చిన్న బంతిని కంటికి పైఎత్తున ఒక చేతినుంచి ఇంకొక చేతికి విసరటం, ఇట్లా మెట్లు మెట్లుగా వ్యాయామాలు కట్టారు. చెవి ఇచ్చే తప్పు కబురుకు మెదడు అలవాటుపడి లెక్క సరిచేసుకొంటుంది. కాని కదిలితేనే సరిచేసుకొంటుంది. నేడు తరుచు నేర్పేది ఇది: చేయి చాపి బొటనవేలు కంటి ఎదుట నిలిపి, చూపు దానిమీదనే ఉంచి, తలను కుడికీ ఎడమకూ కాదన్నట్లు తిప్పటం. మొదట కూర్చొని, తరువాత నిలబడి, తరువాత నడుస్తూ. కొంచెం తిరిగితే తప్పు లేదు. వాంతి వచ్చేదాకా చేయరాదు.

అందువల్లనే తల తిరగటాన్ని అణచే మాత్రలు తీవ్రంగా ఉన్న రెండు మూడు రోజులకే గాని, నెలల తరబడి వాడేవి కావు. అవి మెదడు నేర్చుకొనే పనికే అడ్డం వస్తవి. సిన్నరిజిన్ వంటివి వృద్ధులకు చాలాకాలం ఇస్తే చేతుల వణుకు, ఒళ్లు బిగుసుకుపోవటం గూడా రావచ్చు. రెండేళ్లుగా మాత్రలు వాడుతున్నవారు ఆ చీటీ తీసుకొని డాక్టరు దగ్గరకు వెళ్లి, "ఇవి ఇంకా అవసరమా?" అని అడగండి. మీ అంతట మీరు ఆపకండి.

ఇంట్లో

పక్కమీదనుంచి లేవగానే నడవకుండా నిమిషం కూర్చోండి. రాత్రి దొడ్డికి పోయే దారిలో దీపం ఉంచండి. చీకటిలో కన్ను ఇచ్చే సాయం పోతుంది. స్నానాల గదిలో గోడకు పట్టుకొనే కడ్డీ వేయించండి. రోజూ కావలసిన డబ్బాలు భుజం ఎత్తుకు మించి పెట్టకండి. దూరానికీ దగ్గరకూ ఒకటే కళ్లజోడు ఉన్నవారికి మెట్లు దిగేటప్పుడు కింది అద్దంలోంచి మెట్టు మసకగా కనబడుతుంది, జాగ్రత్త. ఇక ముఖ్యమైనది: "పడతావు, కూర్చో" అని పెద్దలను కూర్చోబెట్టకండి. కూర్చోబెట్టినకొద్దీ కాళ్లలో బలం తగ్గుతుంది, భయం పెరుగుతుంది. రెండూ కలిసి నిజంగానే పడేస్తవి. మా అత్తగారిని నేను రోజూ సాయంత్రం గుడిదాకా నడిపించాను. మొదటి నెల చేయి పట్టుకొని, రెండో నెల పక్కన నడుస్తూ, మూడో నెల పది అడుగులు వెనుకగా. ఇప్పుడు ఆవిడే ముందు వెళ్లి, నేను ఆలస్యంగా వచ్చానని విసుక్కొంటారు.

బరంపురం సోదరికి నేను చెప్పేది ఇంతే. మీ అమ్మగారి పక్కన ఒక రాత్రి పడుకోండి. ఎటు తిరిగితే వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, లేచినప్పుడా, నడిచినప్పుడా, చెవిలో హోరున్నదా, ఇవన్నీ ఆవిడ మాటల్లోనే ఒక కాగితం మీద వ్రాసుకోండి. ఆ కాగితం తీసుకొని చెవి వైద్యుని దగ్గరకో, నరాల వైద్యుని దగ్గరకో వెళ్లి, పడుకోబెట్టి చేసే పరీక్ష చేశారా అని అడగండి. తరువాత తల తిరగటానికి వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు ఎవరున్నారో అడగండి. బలం మందు సంగతి ఆ పైన చూద్దాం. ఏం తేలిందో నాకు మళ్లీ ఉత్తరం వ్రాయండి.